ఆటలో కష్టానికీ ఒక కొలత ఉంది

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



ఈ వేళ మీతో వీడియో గేముల గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. "ఈవిడకు వేరే విషయమే దొరకలేదా? ఆవకాయ గురించో, ఎండాకాలపు జాగ్రత్తల గురించో చెప్పక, ఆ దిక్కుమాలిన ఫోను ఆటలు మనకెందుకు?" అని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. మొన్నమొన్నటి దాకా నేనూ అలా అనుకున్నదాన్నే. నా అభిప్రాయం ఎందుకు మారిందో చెబుతాను, వినండి.

మాది గుంటూరు. మా వారు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. మాకు ఒక్కడే అబ్బాయి. పదహారేళ్లు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఇంటర్ చదివే పిల్లలున్న ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. వారం వారం పరీక్ష, వారం వారం మార్కులు, వారం వారం ఇంట్లో గ్రహణం.

ఒక రాత్రి పదకొండు దాటాక మంచినీళ్ల కోసం లేచాను. వాడి మంచం మీద దుప్పటి లోపల వెలుతురు కనిపించింది. లాగి చూద్దును కదా, ఫోను! అందులో ఒక చిన్న బొమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, ఒక గుంట దాటి, అవతల ఉన్న ముళ్ల మీద పడి చచ్చిపోయింది. మళ్లీ మొదటినుంచి పరుగు. మళ్లీ చావు. నన్ను చూసి వాడు బెదరలేదు సరికదా, "ఒక్కసారమ్మా, ఒకే ఒక్కసారి! ఇది నలభై మూడోసారి. ఎక్కడ తప్పు చేస్తున్నానో ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

దానికి రెండు రోజుల ముందే లెక్కల పరీక్షలో నూటికి ఇరవై ఏడు మార్కులు తెచ్చుకున్నాడు. ఆ కాగితం నలిపి మంచం కిందకు విసిరేసి, "నాకు లెక్కలు రావు. ఈ చదువు మానేసి నాన్నతో యార్డుకు పోతాను" అన్నాడు. నేనూ ఊరుకోలేదు. "నీ బుర్రకు ఎక్కదులే" అనేశాను. అనకూడని మాట. నోరు జారాక ఏం లాభం?

ఇక ఆ రాత్రి తల్లులందరూ చేసే పనే నేనూ చేశాను. ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో దాచాను. వాడు మూడు రోజులు మాట్లాడలేదు. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోవటం. నాలుగో రోజు మా అత్తయ్యగారు నన్ను పక్కకు పిలిచి, "అమ్మాయ్, ఆ ఆటలో ఏముందో నువ్వెప్పుడన్నా చూశావా? ఉప్పు చూడకుండా కూర పారబోస్తామా?" అన్నారు. ఆవిడ అక్షరం ముక్క చదువుకోలేదు. కానీ ఆ మాట నాకు సూటిగా తగిలింది.

బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి, తవుడు తుడిచి, వాడి ముందు పెట్టి, "నాకు నేర్పరా నాయనా" అన్నాను. వాడు తెల్లబోయాడు. సరే, మొదలుపెట్టాను. మొదటి గుంటలోనే పడ్డాను. తొమ్మిదిసార్లు పడ్డాను. మూడు రోజుల తర్వాత మా వాడు నవ్వాడు! "అమ్మా, ఊరికే దూకొద్దు. ముందు నిలబడి చూడు. ఆ ముల్లు ఎప్పుడు పైకి వస్తోందో మనసులో లెక్కపెట్టు. తర్వాత దూకు" అని చెప్పాడు. పద్నాలుగోసారి దాటాను. నా సంతోషం ఏమని చెప్పను? కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, గారె చిల్లు చెదరకుండా నూనెలో పడ్డప్పుడు కలిగిన సంతోషం లాంటిదే అది.

అప్పుడు తట్టింది నాకు అసలు ప్రశ్న. నలభై రెండుసార్లు ఓడిపోయినా బెంగపెట్టుకోని ఈ పిల్లవాడు, ఒక్క లెక్కల కాగితానికి ఎందుకు కుప్పకూలిపోయాడు? ఆ ఆటలో ఏముంది, మన చదువులో ఏం లేదు?

ఈ ప్రశ్న పట్టుకుని కొంత చదివాను, కొంత వాడినే అడిగి తెలుసుకున్నాను. తెలిసిందేమిటంటే, ఆటలో కష్టం దానంతటది వచ్చిపడేది కాదు. దాన్ని కావాలని, కొలతపెట్టి తయారుచేస్తారు. కూరలో కారం వేసినట్టే. ఎక్కువైతే నోట పెట్టలేం, తక్కువైతే చప్పగా ఉంటుంది. ఎంత వేయాలో తెలియటమే ఆ తయారుచేసేవారి నేర్పు.

దీని చరిత్ర చిత్రంగా ఉంటుంది. 1978లో జపానులో 'స్పేస్ ఇన్వేడర్స్' అని ఒక ఆట వచ్చింది. తయారుచేసినాయన పేరు తొమోహిరో నిషికాదో. ఆకాశం నుంచి శత్రువులు బారులు తీరి దిగుతుంటారు, మనం కింద నుంచి కొడుతుంటాం. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా కదలటం మొదలుపెట్టారట. ఇది ఆయన అనుకుని పెట్టింది కాదు. ఆ యంత్రానికి శక్తి చాలదు. అన్ని బొమ్మలు ఒక్కసారి గీయాలంటే దానికి ఆలస్యమయ్యేది, బొమ్మలు తగ్గితే పని తేలికై చకచకా గీసేది. అదే బాగుందనిపించి అలాగే ఉంచేశాడు. గెలుపు దగ్గరకొచ్చేకొద్దీ గుండె దడ పెరగటం అన్న సంగతి వీడియో ఆటల్లోకి అలా వచ్చిపడింది. పండుగ వంటలో చివరి ఘట్టం ఎప్పుడూ అలాగే ఉంటుంది కదండీ!

1980లో 'ప్యాక్‌మ్యాన్' వచ్చింది. దీని సంగతి ఆడవాళ్లకు తప్పక చెప్పాలి. తోరు ఇవాతానీ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. అప్పట్లో ఆటల కొట్లన్నీ మగపిల్లలతోనే నిండి ఉండేవి, ఆటలన్నీ కాల్చటం, చంపటమే. ఆడవాళ్లు కూడా వచ్చి ఆడే ఆట కావాలని, తిండి చుట్టూ అల్లాడు దీన్ని. ఒక గుండ్రటి నోరు చుక్కలన్నీ తింటూ పోతుంటే నాలుగు దయ్యాలు వెంటపడతాయి. నాలుగూ ఒకే రకంగా రావు. ఒకటి నేరుగా వెనక తరుముతుంది. ఇంకొకటి మనం వెళ్లబోయే చోటికి ముందే పోయి కాపు కాస్తుంది. ఇంకా విశేషం ఏమిటంటే, ఆ దయ్యాలు ఎల్లకాలం తరమవు. కొంచెంసేపు తరిమి, కొన్ని సెకన్లు మూలలకు సర్దుకుంటాయి. ఆడేవాళ్లకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వాలని అలా ఏర్పాటు చేశారు. మన పిల్లల వెనక ఉదయం అయిదింటి నుంచి రాత్రి పది దాకా ఎడతెరిపి లేకుండా తరిమే మనం ఆ దయ్యాల పాటి దయ అన్నా చూపిస్తున్నామా అని నాకు అనుమానం వచ్చింది!

1985లో వచ్చిన 'సూపర్ మారియో' మా వాడు నాకు దగ్గరుండి చూపించాడు. అందులో మొదటి మజిలీ చివరికి వచ్చేసరికి, ఎదురెదురుగా రెండు మెట్ల వరసలు ఉంటాయి. ఒక వరస ఎక్కి అవతలి వరస మీదికి దూకాలి. నడుమ పడ్డా ప్రమాదం లేదు, కింద నేలే ఉంటుంది. నాలుగు అడుగులు వేయగానే మళ్లీ అలాంటి మెట్లే వస్తాయి. ఈసారి నడుమ నేల లేదు, అగాధం. దూకుడు అదే, పడితే మాత్రం చావు. ముందు భయం లేనిచోట అలవాటు చేయించి, తర్వాత భయమున్నచోట పరీక్ష పెట్టారన్నమాట. ఒక్క మాట చెప్పకుండా పాఠం చెప్పటమంటే ఇదీ. మన ఊళ్లలో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండు కట్టి దింపేవారు. ఆ కిటుకే ఇదీను.

బెండు మాట వచ్చింది కనుక, మన ఆటల సంగతి చెప్పకపోతే నాకు తోచదు. ఈ కొలతలన్నీ జపాను వాళ్లు కొత్తగా కనిపెట్టారనుకుంటే పొరపాటే. మీరు చిన్నప్పుడు అచ్చనగాయలు ఆడలేదూ? ముందు ఒక్కొక్క రాయి ఎత్తాలి. అది వస్తేనే రెండేసి. తర్వాత మూడూ ఒకటీ. తర్వాత నాలుగూ ఒక్క గుప్పిట. ఆనాడు మెట్లని ఎవరూ పేరు పెట్టలేదు గానీ, అవి మెట్లు కాకపోతే మరేమిటి? తొక్కుడు బిళ్లలో మాత్రం? ముందు ఒంటికాలి గెంతు. అది అయ్యాక బిళ్ల పాదం మీద, తర్వాత తల మీద, ఆఖరికి కళ్లు మూసుకుని గీత తొక్కకుండా నడక.

అష్టాచెమ్మాలో ఇంకో రకం కట్టుబాటు ఉంది. అయిదు గళ్లు నిలువు, అయిదు గళ్లు అడ్డం, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. మా ఊళ్లో అయితే ఎదుటివాళ్ల కాయను ఒక్కదాన్నయినా చంపందే లోపలి గళ్లలోకి పోనిచ్చేవారు కాదు. బయట తిరిగి తిరిగి పండుదామంటే కుదరదు. భయపడి ఇంటూ గుర్తు గళ్లలో దాక్కున్నవాడికి ఆట సాగదు. ఎంత గొప్ప ఏర్పాటో చూడండి.

ఇక పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. చూస్తే అన్యాయం అనిపిస్తుంది. పులి మేక మీదుగా దూకి చంపగలదు, మేక ఏమీ చేయలేదు. కానీ మేకలు తొందరపడకుండా, ఒకదాని వెనక ఒకటి సందు లేకుండా నిలబడితే పులులు కదలలేక ఓడిపోతాయి. బలం వేరు, గెలుపు వేరు. ఇద్దరికీ ఒకే రకం బలం ఇవ్వకుండానే ఇద్దరికీ సమానమైన కష్టం కల్పించారు మన పెద్దలు. అత్తయ్యగారు ఇప్పటికీ మేకలు తీసుకుని మా వారిని ఓడిస్తారు.

మన ప్రాంతం ఎడ్ల పందేలు కూడా తలుచుకోండి. తిరునాళ్లకు, సంక్రాంతికి గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒంగోలు గిత్తల చేత బండ లాగిస్తారు కదా. అన్ని జతలకూ ఒకే బండ కట్టరు. ముందు గిత్త నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్ల గిత్తలకు ఒక బండ, రెండు పళ్ల వాటికి అంతకంటె బరువు, నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు ఇంకా బరువు. పెద్ద విభాగానికి పెద్ద బండ. పాలపళ్ల గిత్తకు పెద్ద బండ కడితే ఏమవుతుందో రైతును అడగండి. ఆ పూట లాగలేకపోవటమే కాదు, బెదిరిపోయి మళ్లీ కాడి కింద మెడ పెట్టదు. పశువు విషయంలో ఇంత ఎరుక ఉన్న మనం పిల్లల పళ్లు చూడకుండానే బండ కడుతున్నాం. పక్కింటి పిల్లవాడు లాగుతున్నాడు కనుక మనవాడూ లాగాలి!

నా చిన్నతనం అద్దంకి పక్క ఒక పల్లెలో గడిచింది. మా అమ్మ నన్ను మొదటిసారి మిరపకోతకు తీసుకుపోయినప్పుడు నాకు మునుం ఇవ్వలేదు. తన మునుంలోనే ఒక పక్క కోయమంది. తొడిమ ఊడకుండా కాయ ఎలా తుంచాలో చేతిలో చెయ్యి వేసి చూపించింది. రెండు రోజులయ్యాక సగం మునుం, వారానికి పూర్తి మునుం. మొదటిరోజే పెద్దవాళ్లతో సమానంగా నిలబెడితే, చేతులు మండి ఏడ్చి ఇంటికి పోయేదాన్ని. మళ్లీ చేనుకు వచ్చేదాన్ని కాదు.

ఈ సంగతినే మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధించి చెప్పాడు. 1990లో ఆయన రాసిన పుస్తకం లోకమంతా చదివింది. పని మన నేర్పుకు మించి మరీ కష్టమైతే బెంగ పుడుతుంది. మరీ తేలికైతే విసుగు పుడుతుంది. మన చేతనయినదానికి కొంచెం, ఒక్క మెట్టు పైన ఉంటే మనసు దానిలో లీనమైపోతుంది, వేళ తెలియదు. ఆయన చదరంగం ఆడేవాళ్లను, కొండలెక్కేవాళ్లను, శస్త్రచికిత్స చేసే డాక్టర్లను చూసి ఈ మాట చెప్పాడు. సంక్రాంతికి పెద్ద ముగ్గు వేసే ఆడవాళ్లను చూసినా ఇదే చెప్పేవాడు.

చదరంగం అంటే మన ఊరి ఆడపడుచు ద్రోణవల్లి హారిక గుర్తుకు రాకమానదు. 1991లో గుంటూరులో పుట్టి, 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2012, 2015, 2017లలో మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మూడుసార్లు కాంస్యం తెచ్చింది. 2022లో చెన్నైలో జరిగిన ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల గర్భంతో కూర్చుని ఆడింది. 2024లో బుడాపెస్టులో స్వర్ణం గెలిచిన భారత మహిళల జట్టులో ఆమె ఉంది. చదరంగంలో ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది, రేటింగ్ అంటారు. ఆర్పాద్ ఎలో అనే ఆయన పద్ధతిని 1970లో ప్రపంచ చదరంగ సంఘం తీసుకుంది. తనకంటె పై అంకె ఉన్నవారి మీద గెలిస్తే ఎక్కువ పెరుగుతుంది, తక్కువవారి మీద గెలిస్తే కొంచెమే పెరుగుతుంది. ఎవరి మెట్టు ఏదో అందరికీ తెలుస్తుంది. ఇప్పుడు ఫోనులో నలుగురూ కలిసి ఆడే ఆటల్లో కూడా ఇలాంటి లెక్కతోనే సమానులను జతకడుతున్నారు.

ఆటల్లో ఇంకో రహస్యం కూడా ఉంది. కొన్ని ఆటలు ఆడేవారిని గమనిస్తాయి. 2005లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ 4' అనే ఆటలో, మనం పదేపదే చచ్చిపోతుంటే అది చెప్పకుండానే శత్రువుల జోరు తగ్గిస్తుంది. బాగా ఆడుతుంటే పెంచుతుంది. కోడలు అలిసిపోయిందని కనిపెట్టి, పైకి ఏమీ అనకుండా వచ్చి నాలుగు గిన్నెలు తోమిపెట్టే అత్తగారి లాంటిదన్నమాట. 2018లో 'సెలెస్ట్' అని ఒక ఆట వచ్చింది. ఒక అమ్మాయి తన భయాలతో పోరాడుతూ కొండ ఎక్కుతుంది. చాలా కష్టమైన ఆట. కానీ చేతకానివాళ్లు అడిగితే ఆట వేగం తగ్గిస్తుంది, ఎన్ని దూకుళ్లు కావాలంటే అన్ని ఇస్తుంది. అందుకు వెక్కిరించదు. మనకు ఇది కొత్తా? చిన్న చెల్లెలు ఏడుస్తుంటే "దీన్ని ఆటలో అరటిపండు చేద్దాం" అనుకునేవాళ్లం. దొరికినా అవుట్ కాదు, దొంగ పెట్టరు. అరటిపండుగా ఆడి ఆడి ఆ పిల్లే మరుసటేడు అందరినీ పట్టేది.

ఇంత మంచి చెప్పాను కదా అని పిల్లలకు ఫోన్లిచ్చి కూర్చోబెట్టమంటున్నానని అనుకోకండి. చెడ్డ కష్టం కూడా ఉంది. అది నేర్పటానికి పెట్టింది కాదు, మన చేతి చమురు వదిలించటానికి పెట్టింది. మనలో చాలామంది ఆడే 'క్యాండీ క్రష్' చూడండి. 2012లో వచ్చింది. అయిదు ప్రాణాలు ఇస్తుంది. అవి అయిపోతే ఒక్కో ప్రాణం తిరిగి రావటానికి అరగంట ఆగాలి. ఆగలేకపోతే డబ్బు కట్టు. అంటే మన ఓపిక లేనితనాన్ని మనకే అమ్ముతున్నారు. మా వాడి ఆటలో పడితే వెంటనే లేచి మళ్లీ పరుగెత్తవచ్చు, పైసా అడగదు. ఇక్కడ పడ్డవాణ్ని కూర్చోబెట్టి చెయ్యి చాపుతారు. తేడా గమనించండి.

దీనికంటె ఘోరమైనవి డబ్బు ఒడ్డే ఆటలు. నేనెరిగిన ఒకావిడ కూతురి పెళ్లికని చీటీ పాడి తెచ్చిన డబ్బు, ఆవిడ కొడుకు ఫోనులో పేకాట ఆడి పోగొట్టాడు. ఆ ఇంట్లో నెల రోజులు పొయ్యి సరిగా వెలగలేదు. మంచి ఆటలో మన నేర్పు పెరిగేకొద్దీ కష్టం లొంగుతుంది. పందెంలో పెరిగేది ఆశ ఒక్కటే. 2020 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. చట్టం ఉంది కదా అని మనం కళ్లు మూసుకోకూడదు. ఫోనులో డబ్బు లావాదేవీల సందేశాలు ఇంట్లో ఎవరో ఒకరు చూస్తుండాలి.

డబ్బు లేని ఆటయినా మితం తప్పితే ప్రమాదమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని రుగ్మతల జాబితాలో చేర్చింది. ఆపుకోలేకపోవటం, తిండి, నిద్ర, చదువు అన్నిటికంటె ఆటే ముఖ్యమైపోవటం, నష్టం కళ్లకు కనబడుతున్నా మానలేకపోవటం, ఇవి మామూలుగా ఏడాది పాటు కొనసాగితే డాక్టరుకు చూపించాలి. నాలుగు రోజులు ఎక్కువ ఆడినంత మాత్రాన రోగం అంటగట్టకూడదు.

సరే, మా వాడి లెక్కల సంగతి ఏమైందంటారా? అక్కడికే వస్తున్నాను.

ఆ ఆట ఆడాక నేను వాణ్ని ఒకటే అడిగాను. "నాన్నా, లెక్కల్లో నువ్వు పడిపోతున్న గుంట ఏది?" వాడికీ తెలియదు. ఇంటర్ లెక్కలు నాకు రావు, నేను చదివింది పదో తరగతి. అందుకని వాణ్నే నాకు పాఠం చెప్పమన్నాను. వాడు చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయాడు. మరునాడు ఇంకో లెక్కలోనూ అలాంటి చోటే ఆగిపోయాడు. చూస్తే అది ఇంటర్ పాఠం కాదు. బీజగణితంలో ఒక పక్కనుంచి రెండో పక్కకు మార్చటం, భిన్నాలను కలపటం! ఆరూ ఏడూ తరగతుల లెక్కలు.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి గుర్తుందా? పరీక్షలు లేకుండానే పిల్లలను పై తరగతులకు పంపారు. మా వాడు ఆ పాఠాలు ఫోనులో సగం విన్నాడు, సగం వినలేదు. ఆ మెట్టు దాటకుండానే పై మెట్టు మీద నిలబెట్టాం. అప్పటినుంచీ పడుతూనే ఉన్నాడు. ఎందుకు పడుతున్నాడో ఎవరూ చూడలేదు. వాడి బుర్ర మంచిది కాదని వాడే తీర్మానించుకున్నాడు, తల్లినైన నేను ముద్ర వేశాను.

భిన్నాలు నాకు వచ్చు సుమండీ! పాతికేళ్ల తర్వాత పలక పట్టినట్టయింది. రోజూ రాత్రి గిన్నెలు సర్దాక ముప్పావుగంట కూర్చున్నాం. అయిదే అయిదు లెక్కలు. అయిదూ వస్తే మరునాడు ఒక మెట్టు పైది. రాకపోతే అవే మళ్లీ. తప్పు చేస్తే తిట్టు లేదు, "ముల్లు ఎక్కడుందో చూడు" అనటమే. ఆ తర్వాత అరగంట వాడి ఆట. పదిన్నరకు ఫోను నాయనమ్మ దిండు కింద. ఈ ఒప్పందం వాడి ఇష్టప్రకారమే చేసుకున్నాం. అప్పుడప్పుడు తప్పుతాడు, నేనూ అప్పుడప్పుడు నోరు జారతాను. కానీ ఇద్దరం మళ్లీ మొదటినుంచి పరుగెత్తుతున్నాం.

అన్నట్టు, నాకు కూడా చిన్నప్పుడు ఎవరో "ఆడపిల్లవు, నీకు లెక్కలెందుకు, రావులే" అన్నారు. నేను నమ్మాను. పదితో ఆపేశాను. ఆ మాటే నా నోటి నుంచి నా బిడ్డ మీద పడిందని తెలిసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

రెండు నెలల తర్వాత లెక్కల పరీక్షలో నూటికి నలభై ఒకటి వచ్చింది. మా ఆడపడుచు ఫోనులో విని, "అంతేనా?" అంది. నిజమే, అంతే. కానీ ఈసారి మా వాడు ఆ కాగితం నలపలేదు. వంటింట్లోకి వచ్చి గట్టు మీద పరిచి, "చూడమ్మా, ఈ రెండు చోట్లే పడ్డాను. ఎందుకు పడ్డానో తెలిసింది" అన్నాడు. పోపు మాడిపోతున్నా నేను గరిటె పట్టుకుని వింటూ నిలబడ్డాను.

అందుచేత సోదరీమణులారా, ఈ సాయంత్రం మీ పిల్లవాడు ఫోనులో తల దూర్చి కూర్చుంటే, లాక్కునే ముందు ఒక్క పది నిమిషాలు పక్కన కూర్చోండి. "ఇది ఎలా ఆడాలిరా?" అని అడగండి. అది ఎలాంటి ఆటో, నేర్పేదో దోచేదో మీకే తెలుస్తుంది. మీ పిల్లవాడు ఓడిపోయినప్పుడు ఎలా లేస్తాడో కూడా తెలుస్తుంది. తర్వాత వాడి పుస్తకం తీసి, "ఇందులో నీ గుంట ఎక్కడ?" అని నెమ్మదిగా అడగండి.

బండ కట్టేముందు పళ్లు చూడటం మన రైతుకు తెలుసు. మనకూ తెలిస్తే చాలు.

సెలవు. నమస్కారం.